జెట్టివృత్తి: మైసూరు వజ్రముష్టి చరిత్రము

తెలుగున 'జెట్టి' యను మాట నెఱుగనివారు లేరు. బలశాలిని జెట్టి యందురు. అతనిని మించినవాడు లేడని చెప్పవలసినప్పుడు జగజెట్టి యందురు. కాని యీ మాట యొకప్పుడు పొగడ్త మాత్రమే కాదు. ఒక వృత్తికి పేరు. రాజాస్థానమును కొలిచి, తల గొఱిగించుకొని, కుడిచేత కొమ్ముతో చేసిన సాధనమును దాల్చి, సభ యెదుట సాటివానితో పోరి, నెత్తురు చిందించి, బహుమానము గొని యింటికి మరలిన మనుష్యుల కులనామమది. ఆ పోరాటమునకు వజ్రముష్టి యని పేరు. కన్నడమున దానిని వజ్రముష్టి కాళగ మందురు. విజయనగర ప్రభువుల మహానవమినుండి నేటి మైసూరు దసరావఱకు ఈ వృత్తి యెట్లు నిలిచినది, నిలుచుటకై యేమి కోల్పోయినది యను విషయమే యీ వ్యాసమున విచార్యము.

సీమయు ఐతిహ్యమును

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు పూర్వము కోలారు మండలమున జేరియుండి, 2007లో నేర్పడిన చిక్కబళ్లాపుర మండలమున నిప్పుడు చేరియున్నవి. ఇక్కడి పల్లెలలో ఇంటిమాట తెలుగు; బడిమాట, కచేరిమాట కన్నడము. ఆవతి వంశమునకు జెందిన పాళెగాండ్రు చిక్కబళ్లాపురమున కోట గట్టి యేలిరి. బాగేపల్లి తాలూకాలోని గుమ్మనాయకనపాళ్యము మఱియొక పాళెగాండ్ర దుర్గము. 1762లో హైదరాలీ చిక్కబళ్లాపురమును వశపఱచుకొనిన పిదప ఈ సీమ మైసూరు చరిత్రలో కలిసిపోయినది. కావున మైసూరు దసరా ఈ సీమ తెలుగువారికి పొరుగువారి పండుగ కాదు. తమ దొరల పండుగ.

చింతామణి తాలూకాలోని కైవారము, తెలుగు కన్నడములు రెండింటను తత్త్వములు చెప్పిన నారాయణప్పతాత వలన ప్రసిద్ధి కెక్కినది. అంతకు బూర్వమే దానికి మఱియొక ప్రసిద్ధి కలదు. భారతములోని ఏకచక్రపుర మిదియే యనియు, భీముడు బకాసురుని జంపిన చోటిదియే యనియు స్థానికుల నమ్మకము. అక్కడి భీమలింగేశ్వరాలయము ఆ ఐతిహ్యమునకు గుర్తు. ఐతిహ్యము చరిత్ర కాదు. అయినను పోరాటమును గూర్చి జనులు భావించు తీరు ఐతిహ్యమున నిలిచియుండును.

భారతమున భీముని పోరాటములు రెండు తెఱగులుగా నున్నవి. ఏకచక్రపురమున నతడు ఆశ్రయ మిచ్చిన కుటుంబమును గాపాడుటకై పోరెను. అతనికి వేతనము లేదు, చూచువారు లేరు. విరాటనగరమున నతడు వలలుడను పేర వంటశాలలో కొలువున్నాడు. అచ్చట ఉత్సవమున జీమూతుడను మల్లునితో పోరుమని రాజు కోరినప్పుడు కాదనుటకు వీలు లేకపోయినది. తన్నెవరైన గుర్తింతురేమో యను శంకతోనే రంగమున దిగెను. ఒకటి ధర్మార్థమైన పోరు. రెండవది కొలువు పోరు. జెట్టుల చరిత్ర యంతయు ఈ రెండవ తెఱగునకు జెందినది. కైవారము భీముని మొదటి పోరును దలచుకొనును. మైసూరు దర్బారు రెండవదానిని వందలయేండ్లు నడపినది.

పేరు, పూర్వచరిత్ర

'జ్యేష్ఠి' యను సంస్కృతశబ్దమే ప్రాకృతము గుండ జెట్టియైనదని భావించుట సముచితము. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున మల్లవినోద మను ప్రకరణము కలదు. అందు మల్లులు జ్యేష్ఠికులు, అంతరజ్యేష్ఠికులు, గోపాలకులు అని మూడు తరగతులుగా విభజింపబడిరి. బరువుల నెత్తుట, తెల్లవాఱుజామున నడచుట, నీట నీదుట, బాహువులను రాపాడించుట, స్తంభము పట్టి సాధన చేయుట యని వారి నిత్యశ్రమములు వేర్వేఱుగ జెప్పబడినవి. మినుములు, మాంసము, పెరుగు, పాలు, నేయి మొదలగు ఆహారము రాజే యేర్పఱుపవలెనని కూడ నందు గలదు. అనగా 12వ శతాబ్దినాటికే మల్లుడు రాజు పోషణమున నుండి, ఇతర వృత్తి లేక, శరీరమును సిద్ధము చేసికొను ఉద్యోగి యైయుండెను. ఆ రాజు బిరుదము భూలోకమల్లుడు. ఆ వంశమువారి బిరుదములలో ఆహవమల్ల, త్రిభువనమల్ల, జగదేకమల్ల యనునవి ప్రసిద్ధములు. రాజు మల్లుని పేరును ధరించెను; ఆ రాజు పెట్టిన కూడు తినిన మల్లుని పేరు మాత్రము గ్రంథమున కెక్కలేదు.

గుజరాతు దేశమున జ్యేష్ఠిమల్లులను జాతివారు కలరు. వారి విద్యను, దేవతను, ఆచారములను దెలుపు మల్లపురాణ మను సంస్కృతగ్రంథము 1964లో బరోడాలో అచ్చయినది. 1909లో వెలువడిన దక్షిణదేశ కులముల గ్రంథమున థర్‌స్టన్ జెట్టులను తెలుగు కులముగా బేర్కొని, తంజావూరున వారు తెలుగు మాటలాడుదురని వ్రాసెను. తెలుగుదేశమున వారు నరముల నొప్పులకు ఒళ్లు పట్టి, తైలములు రుద్ది చికిత్స చేయుదురనియు తెలిపెను. మైసూరున స్థిరపడినవారు కన్నడిగులలో కలిసిరి. ఈ విద్య తెలుగువారిదా, కన్నడిగులదా, గుర్జరులదా యని వాదించుటకు వీలున్నది కాని, ఆ వాదము వలన ఫలము లేదు. జెట్టి యెచ్చట ప్రభువు దొరకునో అచ్చటికి బోయెను. అచ్చటి భాష నేర్చెను. తెలుగునకు దక్కినది ఆ మాట. అది నిఘంటువునను, ఇంటిపేళ్లలోను నేటికిని నిలిచియున్నది.

విజయనగరమున

వజ్రముష్టిని బోలిన పోరునకు స్పష్టమైన సాక్ష్యము 16వ శతాబ్దిలో లభించుచున్నది. 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ మహానవమి వేడుకలను వర్ణించుచు, అక్కడి మల్లయుద్ధము తమ దేశపు కుస్తీవంటిది కాదనియు, పండ్లు రాలునట్లు, కన్నులు పోవునట్లు, ముఖములు వికృతమగునట్లు దెబ్బలు పడుననియు, మాట పడిపోయినవారిని మిత్రులు మోసికొని పోవుదురనియు వ్రాసెను. జోడులను సరిచూచి నిలుపుటకును, గెలిచినవానికి గౌరవము జరుపుటకును నాయకులును న్యాయనిర్ణేతలును ఉండిరని కూడ నాతడే చెప్పెను. కొంతకాలమునకు పిదప వ్రాసిన ఫెర్నావొ నూనిజ్ మఱింత స్పష్టముగ, రాజునొద్ద వేయిమంది మల్లులుండిరనియు, వారు చేతులలో మొనలు గల వలయములను ధరించి కొట్టుకొందురనియు, ఎక్కువ గాయపడినవాడు పట్టుబట్టను బహుమానముగా బొందుననియు తెలిపెను.

ఈ తుదిమాట యాలోచింపదగినది. బహుమానము గెలిచినవానికే కాదు, గాయపడినవానికిని గలదు. రాజు విలువ కట్టినది నెత్తుటికి. ఇది పందెము మాత్రమే యైనచో నిట్లుండదు. మహానవమి దుర్గాపూజాదినము, ఆనాడు దేవి యెదుట మహిషములు, మేకలు బలి యగుచుండెను. ఆ దినమున మల్లుని నెత్తురు నేల దాకుట కూడ పూజలో నొక యంశమై యుండునని యూహింపవచ్చును. నేటికిని తలనుండి తొలి నెత్తురు బొట్టు కనబడగనే పోరు ముగియు ఆచారము ఈ యూహను బలపఱుచుచున్నది.

శ్రీకృష్ణదేవరాయలు స్వయముగ ఈ విద్య యందు శ్రద్ధ గలవాడు. తెల్లవాఱకమునుపే నువ్వులనూనె త్రాగి, అదే నూనెను ఒడలెల్ల బట్టించుకొని, మట్టితో చేసిన బరువుల నెత్తి, కత్తి సాము చేసి, నూనె యంతయు చెమటగా వెడలినపిదప తన మల్లులలో నొకనితో పెనగుట ఆ రాజు నిత్యకృత్యమని పేస్ వ్రాతవలన దెలియుచున్నది. ప్రతిదినము రాజుతో పెనగు ఆ మల్లుడు గెలువవచ్చునా, ఓడవలెనా యను ప్రశ్నకు పేస్ గ్రంథమున సమాధానము లేదు. కొలువు పోరున నిట్టి చిక్కులు తప్పవు.

శ్రీరంగపట్టణము, మైసూరు

విజయనగర ప్రాభవము తగ్గినపిదప 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్టణమున నవరాత్రి యుత్సవమును నెలకొల్పెను. ఆతని వంశమున 1638నుండి 1659వఱకు నేలిన రణధీర కంఠీరవ నరసరాజు జెట్టుల కథలలో ముఖ్యుడు. తిరుచిరాపల్లిలో నొక జగజెట్టి తన చల్లడమును కోటగుమ్మమునకు వ్రేలాడగట్టి, దానిక్రింద నడచువా రెల్లరు తనకు లొంగినట్లేయని చాటుచుండగా, కంఠీరవుడు రాజ్యమునకు రాకపూర్వము మాఱువేషమున నచ్చటికేగి వానిని గూల్చెనని కథ. కథలోని వివరముల కెంత ప్రమాణమున్నను, లేకున్నను, దానివలన నొక సంగతి తెలియుచున్నది. ఆ కాలపు జెట్టి ఊరూర తిరిగి సవాలు చేయువాడు. ఆతని కీర్తి ఒక రాజ్యమునుండి మఱియొక రాజ్యమునకు బాకెడిది. అయినను తిరుచిరాపల్లి జెట్టి పేరు కథలో ప్రసిద్ధము కాలేదు. గెలిచిన రాజు పేరే నిలిచినది.

హైదరు, టిప్పుల కాలమున జెట్టులకు మఱియొక పని పడినది. వారు రాజాజ్ఞను బట్టి మరణశిక్షలను అమలు జరిపిరని ఆంగ్లేయ బందీలు వ్రాసిన వృత్తాంతములలో గలదు. థర్‌స్టన్ కూడ, వారు కోశాగారమునకు కావలి కాచుటతోబాటు వధ్యులను శిక్షించు పనియు జేసిరని చెప్పెను. బందీల వ్రాతలు శత్రువుల వ్రాతలు. వానిలో అతిశయోక్తి యుండుట సహజము. అయినను రెండు వైపులనుండియు వచ్చిన సాక్ష్యమును గాదని త్రోయుట సరికాదు. శరీరబలమునకు జీతమిచ్చిన ప్రభువు ఆ బలమును రంగమునకు మాత్రమే పరిమితము చేయలేదు. ఉత్సవదినమున జనులు జేజేలు కొట్టిన చేతులనే తక్కిన దినములలో జనులు భయపడి చూచిరి. ఈ వృత్తి చరిత్రలో నిది కప్పిపుచ్చదగిన యంశము కాదు.

1799లో శ్రీరంగపట్టణము పడినపిదప, బాలుడైన మూడవ కృష్ణరాజ ఒడెయరు మైసూరున సింహాసన మెక్కెను. దసరాయు మైసూరునకు మాఱినది. ఆ సంస్థానమున రెసిడెంటుగా నుండిన మార్క్ విల్క్స్, 1810 మొదలు 1817వఱకు వెలువడిన తన చరిత్రగ్రంథమున జెట్టుల పోరును శ్రద్ధతో వర్ణించెను. తడిపి మెత్తన చేసిన మట్టిరంగము, నారింజవన్నె చల్లడము, గొఱిగిన తల, జోడులను సరిచూచి కుదిర్చిన పెద్దలు, పోరు మితిమీఱకుండ నాపు సంజ్ఞ, తుదకు పూలదండలు — అన్నియు నందు గలవు. సాధనమును గూర్చి యాతడు చెప్పినది మఱింత విలువైనది. అది బఱ్ఱెకొమ్ముతో చేయబడి, పిడికిటి కణుపులకు సరిగా నాలుగు మొనలును, చిటికెనవ్రేలి వైపున మఱియొక పెద్ద మొనయు గలిగియుండును. గట్టిగా పట్టుకొని కొట్టినచో తల పగులగలదు. కాని దానిని వ్రేళ్లకు దొడుగు చోటు, మితిమీఱిన బలముతో గొట్టినవాని వ్రేళ్లకీళ్లే తప్పునట్లు ఏర్పఱుపబడినది.

ప్రాణము తీయగల సాధనమును ప్రాణము తీయకుండ బట్టుట యీ విద్యలోని రహస్యము. పేస్ చూచిన పోరున కన్నులు పోయినవి. విల్క్స్ చూచిన పోరున కొట్టువానికే కట్టడి యున్నది. ప్రాచీన గ్రీకులు, రోమకులు తోలుపట్టెలతో చేతులను గట్టుకొని ముష్టియుద్ధము చేసిరి. రోమకులు వానికి లోహమును జేర్చి పోరును ప్రాణాంతకము చేసిరి. అక్కడ సాధనము నానాటికి క్రూరమైనది. ఇక్కడ ఆచారము నానాటికి మెత్తనైనది. రోమకుల పోరు అంతరించుటకును, మైసూరు పోరు నిలుచుటకును ఇది యొక కారణముగా దలపవచ్చును.

ప్రభువు పోయిన పిదప

1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినది. సంస్థానము భారతదేశమున జేరినది. 1971లో రాజ్యాంగమునకు జరిగిన 26వ సవరణముచేత రాజుల బిరుదములును భరణములును రద్దయ్యెను. 1973లో మైసూరు రాష్ట్రమునకు కర్ణాటక మని పేరు మాఱినది. దసరా రాష్ట్రప్రభుత్వము జరుపు నాడహబ్బ మయ్యెను. అంతఃపురపు పూజలు మాత్రము ఒడెయరు కుటుంబముచేతనే యుండిపోయినవి. వజ్రముష్టి ఈ రెండవదానిలోనే నిలిచినది. విజయదశమి యుదయమున జంబూసవారికి ముందు, రాజభవనములోపలి ముంగిట, ఎఱ్ఱమట్టి రంగమున రెండు జోడుల జెట్టులు దిగుదురు. వారు మైసూరు, బెంగుళూరు, చన్నపట్టణము, చామరాజనగరముల జెట్టికుటుంబములవారు. పోరు నిమిషమైనను సాగకపోవచ్చును. ఒకని తలనుండి నెత్తురు చిమ్మగనే పెద్దలు విడదీయుదురు. ఊరేగింపునకు దారి తెఱచుకొనును.

వేయిమందినుండి నలుగురు, పూటంత సాగినదానినుండి క్షణములు, కన్ను పోవు దెబ్బనుండి ఒక్క బొట్టు నెత్తురు. సుమారు అయిదు వందల యేండ్లలో ఈ పోరు కుదించుకొనిపోయిన తీరిది. దీనిని క్షయముగా నెంచువారు కలరు. కాని కుదించుకొనుటవలననే యది నిలిచినదనుట సమంజసము. వేయిమంది మల్లులను పోషింపగల రాజు లేని కాలమున, నలుగురు చేయగల క్రతువుగా మాఱకున్నచో నది యెన్నడో పోయియుండెడిది. అయితే ఈ నిలకడకు వెల గలదు: వజ్రముష్టి ఆచారముగా మిగిలినది, జీవనాధారముగా మిగులలేదు. ఏడాదికొక యుదయము జెట్టియైనవాడు తక్కిన దినములలో వేఱు పనిచేసి బ్రతుకవలెను. తెలుగుదేశపు జెట్టులు ఒళ్లు పట్టు వైద్యమునకు దిగుట థర్‌స్టన్ కాలముననే కనబడినది.

సమకాలిక సామ్యము

ప్రభువు లేనిచోట ముష్టియుద్ధవృత్తి యెట్లు వర్ధిల్లగలదో చూడగోరువారికి జపాను దేశము మంచి నిదర్శనము. అక్కడ 1960 దశకమున నొగుచి ఒసాము అను నిర్వాహకుడు, థాయి దేశపు ముష్టియుద్ధమును చూచి, దానికి కరాటేను బాక్సింగును జోడించి, కిక్‌బాక్సింగు అను పేర నొక క్రొత్త వృత్తిక్రీడను నెలకొల్పెను. కరాటే అభ్యసించిన సవామురా తదాషి యను యువకుడు 1966లో ఒసాకాలో తొలి పోరు గెలిచెను. ఆ యేడే థాయి వీరుడైన సమాన్ చేతిలో పలుమాఱులు నేలబడి ఓడిపోయెను. ఆ యోటమి పిదప నాతడు సాధనను మార్చుకొని వరుసగా గెలువసాగెను. టెలివిజను ఆతని పోరాటములను ఇంటింటికి జేర్చినది. ఆతని జీవితమును బట్టి చిత్రకథయు, బొమ్మల చలనచిత్రమాలయు వెలువడినవి. 1973లో వృత్తిక్రీడాకారులకిచ్చు మహాపురస్కారము లభించినది. 241 పోరాటములలో 232 విజయములని ఆతని లెక్క ప్రచారమున నున్నది. 1970 దశకమునే రంగమును విడిచి, ప్రచారమునకు దూరముగా జీవించి, 2021లో మరణించెను.

ఈ చరిత్రను జెట్టి చరిత్రతో బోల్చినచో వ్యత్యాసము స్పష్టమగును. సవామురాకు రాజు లేడు. లక్షలాది ప్రేక్షకులే ప్రభువు. గాయము రెండుచోట్లను గలదు. చూచువారి కుతూహలము రెండుచోట్లను గలదు. కాని సవామురా యెవరిచేత నోడెనో, ఏ యేట నోడెనో వ్రాతపూర్వకముగ నున్నది. విజయనగరపు వేయిమందిలో నొక్కని పేరును పేస్, నూనిజ్‌లు చెప్పలేదు. తెలుగునాట నేటి స్థితియు నిట్లే మాఱినది: నిజామాబాదునకు జెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులునను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ బాక్సింగు విజేతయైనప్పుడు, ఆమె తలపడినవారి పేళ్లు, బరువులు, తీర్పులు అన్నియు లెక్క కెక్కినవి. ఓడినవారికిని పేరుండుట ఆధునికయుగము మల్లునకు జేసిన న్యాయము.

ముగింపు

జెట్టివృత్తి చరిత్రలో రాజుల పేళ్లు నిండియున్నవి. జెట్టుల పేళ్లు లేవు. ఈ లోపమును బూర్తిగా దీర్చుట యిప్పుడు సాధ్యము కాదు. కాని సమీపకాలపు చరిత్ర యింకను చేజాఱలేదు. ఇరువదవ శతాబ్దిలో దర్బారున పోరినవారి కుటుంబములు నేటికిని మైసూరు, చన్నపట్టణము, చామరాజనగరములలో గలవు. ఎవరు ఎవరితో ఏ దసరాన తలపడిరి, ఎవరు ఎవరికి గురువు, కొమ్ముపనిని ఎవరు చేసిరి, ఏ తైలము ఏ నొప్పికి వాడిరి యను సంగతులు పెద్దల నోటనే యున్నవి. గరిడిసాములలో తెలుగుమాటలు, కన్నడమాటలు, మరాఠీమాటలు ఎట్లు కలిసినవో పరిశీలించుట భాషాశాస్త్రమునకును ఉపకరించును. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి సీమవారు రెండు భాషలను సమముగా నెఱిగినవారగుటచేత ఈ సేకరణమునకు మిక్కిలి తగినవారు. కైవారమున భీముని పేర గుడి గట్టి తలచుకొనుచున్న జనులకు, కొలువున నెత్తురు చిందించిన మనుష్యుల పేళ్లను ఒక పుస్తకమున కెక్కించుట అసాధ్యమైన పని కాదు. ఆ పెద్దలు ఉన్నప్పుడే యది జరుగవలెను.